బోల్టు ముందా, గుట్ట ముందా

ఖాయమైనవి, విన్నవి

ముందుగా ఖాయమైనవి చెబుతాను. ఒక చలికాలపు తెల్లవారుజామున, తాండూరు నాపరాళ్లు నింపుకొని వికారాబాదు వైపు వస్తున్న లారీ అనంతగిరి దారిలో ఒక మలుపు దగ్గర రోడ్డు వదిలి గుట్టకు తగిలింది. వెనక ఇరుసును, బండి బరువు మోసే కమాను పట్టీలకు బిగించి ఉంచే యూ బోల్టు ఒకటి రెండు ముక్కలైంది. ఆ బోల్టు వికారాబాదులో మా కార్ఖానాలోనే తయారైంది. రాళ్ల మీద కూర్చుని వస్తున్న హమాలీ ఒకతనికి కాలు విరిగింది. లారీ నడిపిన ఖాజా మియాను మరునాడే పనిలోంచి పక్కన పెట్టారు. విరిగిన ముక్కలను నేను చేతిలో పట్టుకొని చూశాను.

ఇక విన్నవి. బండి అడ్డూ అదుపూ లేకుండా వచ్చిందని, కోట్‌పల్లి బస్సులో ఉన్నవాళ్లు చూశారని అన్నారు. ఆ బస్సులో ప్రయాణించిన మనిషి ఒక్కరూ నాకు దొరకలేదు. డ్రైవరు కునుకు తీశాడని అన్నారు. ఆ మాట మొదట ఎవరు అన్నారో ఎవరూ చెప్పలేకపోయారు. చలికి ఇనుము పెళుసెక్కుతుందని తాండూరు డ్రైవర్లు అన్నారు. ఉక్కుకు చలి లేదు, గిలి లేదని మా మేనేజరు అన్నారు.

ఇది డెబ్బై నాలుగు చివర జరిగిందో, డెబ్బై అయిదు మొదట జరిగిందో నాకు కచ్చితంగా గుర్తు లేదు. ఆనాటి కాగితాలు నా దగ్గర లేవు. గుర్తున్నంత మేరకే రాస్తున్నాను కాబట్టి పరీక్షల్లో వచ్చిన అంకెలు కూడా ఇవ్వను. జ్ఞాపకంలోంచి తీసి రాసిన అంకె చూడటానికి కొలతలా ఉంటుంది గాని, కొలత కాదు.

తనిఖీ పనిలోకి కొత్తగా వచ్చేవాళ్లు నన్ను తరచూ అడిగేది పరికరాల గురించి. నేను చెప్పాలనుకున్నది మాత్రం ఈ ఒక్క బోల్టు గురించి. నా ఉద్యోగంలో నేర్చుకున్నదంతా దాదాపు ఇందులోనే ఉంది.

కార్ఖానా

నేను వికారాబాదుకు వచ్చింది అరవై తొమ్మిదిలో. తెలంగాణ ఉద్యమంతో బస్సు వస్తుందో రాదో తెలియక జనం రోడ్డు పక్కన మూటల మీద కూర్చుని ఉండే ఏడాది అది. లోహశాస్త్రంలో పట్టా ఉంది, చేతికి నూనె అంటిన అనుభవం లేదు. రాళ్ల రవాణా చేసే ఒక సంస్థకు స్టేషనుకు కొంచెం అవతల పెద్ద రేకుల షెడ్డు ఉండేది. లారీల మరమ్మతు, విడి భాగాల తయారీ అందులోనే. విరిగిన భాగం ఎందుకు విరిగిందో తేల్చి చెప్పడం నా పని. ఒక భూతద్దం, గట్టిదనం కొలిచే యంత్రం ఒకటి, చేత్తో ఆడించే హైడ్రాలిక్ ప్రెస్సు ఒకటి నా ఆస్తి.

మేనేజరు నరసింహారెడ్డి గారిది మోమిన్‌పేట్ దగ్గర వ్యవసాయ కుటుంబం. వాళ్లింట్లో మొదటి ఇంజనీరు ఆయనే. మాట కరుకు. పొద్దున్నే షెడ్డంతా ఒక చుట్టు తిరిగి, ప్రతి మనిషినీ ఏదో ఒకటి అని గాని తన గదికి వెళ్లేవారు కాదు. ఆయన చేసిన మంచి పని ఒకటి ఇక్కడ చెప్పాలి, లేకపోతే ఈ కథలో ఆయనకు అన్యాయం జరుగుతుంది. మామూలు ఉక్కు బోల్టులు రాళ్ల బరువుకు సాగి వదులయ్యేవి. ప్రతి ట్రిప్పుకూ బిగించాల్సి వచ్చేది. కంపెనీ బోల్టులు అడిగినప్పుడు దొరికేవి కావు. క్రోమియం, మాంగనీసు కలిసిన ఎక్కువ బలం గల ఉక్కు కడ్డీలు తెప్పించి, మా దగ్గరే వంచి, వేడి చేసి, నూనెలో ముంచి గట్టిపరచి, మళ్లీ ఒక మోస్తరు వేడిలో ఉంచి పదును సర్దే ఏర్పాటు ఆయనే చేశారు. కొత్త బోల్టులు సాగడం మానేశాయి. డ్రైవర్లు కూడా ఒప్పుకున్నారు.

వాటిని పరీక్షించే పద్ధతి ఒకటి నేను రాకముందు నుంచీ ఉంది. మధ్యాహ్నం భోజనాలయ్యాక, రేకుల కింద గాలి వేడెక్కి ఉన్నప్పుడు, బోల్టును ప్రెస్సులో పెట్టి మెల్లగా వంచేవాళ్లు. ఒక మనిషి బీడీ ముట్టించి పూర్తిచేసేంత సేపు పట్టేది. బోల్టు విరగకుండా వంగితే పాసు. తర్వాత గట్టిదనం చూసి స్టోరుకు పంపేవాళ్లం.

ఆ పరీక్షలో అబద్ధం ఏమీ లేదు. కాని లారీ చక్రం గుంతలో పడినప్పుడు బోల్టు మీదికి బరువు కనురెప్ప మూసేంతలో వస్తుంది, బీడీ కాల్చినంత నిదానంగా రాదు. పైగా రాళ్ల లారీలు బయలుదేరేది మధ్యాహ్నం కాదు, తెల్లవారకముందు.

ఖాజా మియా

పనిలోంచి పక్కన పెట్టిన రెండు మూడు రోజులకు ఖాజా మియా నా గదికి వచ్చాడు. సన్నటి మనిషి, మెడకు మఫ్లరు, కళ్లు ఎర్రగా ఉన్నాయి. కూర్చోమన్నాను.

“వద్దు సార్, నిలబడే చెప్త. కూసుంటె మీ కుర్చీకి గుడ కేసు పెడ్తరు.”

“ఏం జరిగింది?”

“ముందుగాల ఠప్పుమన్నది సార్, ఎనక నుంచి. టైరు పగిలిందనుకున్న. గంతల్నే బండి ఎడమకు గుంజింది. స్టీరింగు తిప్పిన, బిరేకు తొక్కిన. ఆగలే. గుట్టకు పోయి ఆగింది. గింతే.”

“వేగం ఎంత?”

“మీటరు పనిచేస్తలేదు సార్. ఎండకాలంల మీ కార్ఖానాకే రిపేరుకిచ్చిన. ఇంక రాలే.”

“అయితే వేగం తెలియదంటావు.”

“నా కాలికి తెలుస్తది సార్. మీ కాయితానికి తెల్వదు.”

నిద్ర గురించి అడిగాను. నవ్వాడు. “ఆ చలిల నిద్రెట్ల వస్తది? పండ్లు టకటక కొట్టుకుంటున్నయి.” తర్వాత గొంతు తగ్గించాడు. “సార్, చలికి లోహం బిగుస్తది. రోజూ పొద్దుగాల కంది కట్టె ఏసి బండి కింద మంట పెడ్తం. ఆ దినం జల్ది పో, జల్ది పో అని పరేషాన్ చేసిండ్రు. మంట పెట్టకుంటనే తీసిన.”

“మంట పెట్టి ఉంటే విరిగేది కాదంటావా?”

“నేనెట్ల చెప్త సార్? గది మీరు చెప్పాలె.”

వెళ్లబోతూ తలుపు దగ్గర ఆగాడు. “మా అబ్బాజాన్ ఖదాన్ల బండలు కొట్టి కొట్టి, దగ్గుకుంట దగ్గుకుంట పోయిండు. ఆ దుమ్ములకెళ్లి నన్ను తప్పియ్యనీకే బండి నేర్పిచ్చిండు. లైసెన్సు పోతె నా చేతికి మళ్ల గదే సుత్తె వస్తది. జర చూసి రాయుండ్రి సార్.”

చూసి రాస్తానని చెప్పాను. ఆయనకు అనుకూలంగా రాస్తానని చెప్పలేదు. ఆ తేడా ఆయనకు తెలిసింది. తల ఊపి వెళ్లిపోయాడు.

కంది కట్టె మంట

మంట సంగతి ముందు చూడాలనిపించి పొద్దుటి రైలుకు తాండూరు వెళ్లాను. రాళ్లు తవ్వే ఖదాన్ల దగ్గర లారీల కింద కంది కట్టె చిటపటమంటూ మండుతోంది. చుట్టూ మనుషులు చేతులు కాచుకుంటున్నారు. సగం మంది తెలుగులో, సగం మంది కన్నడంలో మాట్లాడుతున్నారు. ఆ పొగ వాసన, దాని మీదుగా వచ్చే చాయ్ వాసన ఇప్పటికీ నాకు తాండూరు అంటే గుర్తొచ్చే మొదటి సంగతి.

థర్మామీటరు వెంట తీసుకెళ్లాను. మంట ఇంజను నూనెను వెచ్చబరుస్తోంది, బండి తొందరగా అందుకుంటోంది. అంతవరకు డ్రైవర్లు చెప్పింది నిజం. కమాను పట్టీలకు మసి పట్టింది గాని, మందమైన బోల్టు మాత్రం చేతికి చల్లగానే తగిలింది. కాస్త వెచ్చబడినా, బండి కదిలాక గాలికి ఆ వేడి ఎంతసేపు నిలుస్తుంది? మంట పెట్టకపోవడం వల్లనే బోల్టు విరిగిందన్న వాదన నాకు నిలబడేలా కనిపించలేదు.

అక్కడే ఇంకొకటి చూశాను. పెద్ద బండను పలకల మీదుగా జార్చి, చివరి జానెడు ఎత్తు నుంచి లారీలోకి వదిలేస్తున్నారు. బండి మొత్తం దబ్బున కూలబడి లేస్తోంది.

“నిదానంగా దించొచ్చు కదా?” అన్నాను ఒక హమాలీతో.

“దించొచ్చు సార్. ఆ కొస మీరు పట్టుకుంటరా?” అన్నాడు. అందరూ నవ్వారు, నేనూ నవ్వాను. ప్రశ్న న్యాయమైనదే.

మంచు, మోకు, ఇనుప దిమ్మె

తిరిగి వచ్చి షెడ్డు వెనక ఒక ఏర్పాటు చేశాను. మూడు కాళ్ల గడంచె, కప్పీ, మోకు, దానికి వేలాడే ఇనుప దిమ్మె. కింద రెండు రాళ్ల మీద బోల్టు లోంచి కోసిన ముక్క, దానికి మధ్యలో ఆకురాయితో తీసిన గాటు. దిమ్మె వదిలితే దెబ్బ ఒక్కసారిగా పడుతుంది. అదే ముక్కలను ప్రెస్సులో పెట్టి నిదానంగానూ వంచవచ్చు. వేడికి మరుగు నీళ్లు. చలికి ఐసు ఫ్యాక్టరీ నుంచి రంపపు పొట్టులో చుట్టి తెచ్చిన మంచు. తాండూరులో ఎంత చలి వేసినా మంచు నీళ్లంత చలి ఉండదని నాకు తెలుసు. మంచుకు తట్టుకున్న ఉక్కు తాండూరు తెల్లవారుజాముకు తట్టుకుంటుంది కదా అని ఆ చలినే హద్దుగా తీసుకున్నాను.

కొత్తవాళ్ల కోసం ఇక్కడ కొంచెం శాస్త్రం. దెబ్బ తగిలిన ఉక్కుకు రెండు దారులున్నాయి. సాగడం ఒకటి, చీలడం ఒకటి. సాగాలంటే లోపలి అణువుల వరసలు ఒకదాని మీద ఒకటి జారాలి. ఆ జారడానికి వెచ్చదనం సాయపడుతుంది, వ్యవధి కూడా కావాలి. చలి పెరిగితే జారడం కష్టమవుతుంది, బరువు పడే వేగం పెరిగినా కష్టమవుతుంది. అంటే ఇలాంటి ఉక్కు విషయంలో వేగమూ చలీ ఒకే వైపుకు నెడతాయి. జారడం చీలడం కంటే కష్టమైన క్షణాన ఉక్కు చీలుతుంది. ఆ క్షణం ఎప్పుడు వస్తుందన్నది ఉక్కును బట్టి, దాన్ని తయారుచేసిన తీరును బట్టి ఉంటుంది. నిదానంగా లాగి చూసిన బలం దాన్ని చెప్పదు.

స్టోరులో ఉన్న బోల్టులు తెచ్చి పరీక్షించాను. నిదానంగా వంచితే వంగాయి. దిమ్మె వేస్తే వంగాయి. మంచులో నానబెట్టి దిమ్మె వేసినా వంగాయే గాని విరగలేదు. ఖాజా మియాకు వ్యతిరేకంగా ఇంతకంటే స్పష్టమైన ఫలితం ఉండదు.

నరసింహారెడ్డి గారు వంగిన ముక్కను తిప్పి తిప్పి చూశారు. “చూసినవానయ్య? నా ఉక్కుకు చలి పెడ్తదంట! మఫ్లరు కట్టాలెనా దానికి? అయిపాయె, రాసి సంతకం పెట్టు.”

“ఇవి విరిగిన బోల్టుతో కలిసి తయారైనవి కావు సార్.”

“బోల్టులకు గుడ గోత్రం చూస్తవా నువ్వు?”

“చూడాలి సార్. ఏ కడ్డీ, ఏ కొలిమి, ఏ రోజు. మన బోల్టుల మీద ఏ గుర్తూ లేదు. అదీ ఇదీ ఒకటేనని నేనెలా రాయను?”

ఆయనకు కోపం వచ్చింది. “వారం దినాలల్ల తేల్చు. డ్రైవర్లంత నన్నే చూస్తుండ్రు,” అని వెళ్లిపోయారు. ఆ తర్వాత ఎంతోమంది పై అధికారుల దగ్గర పనిచేశాను. కోపం వచ్చినా గడువిచ్చేవాళ్లు వాళ్లలో తక్కువ.

రొట్టె

వేడి చేసే విభాగానికి మేస్త్రీ లక్ష్మయ్య. పెద్ద మనిషి, చేతుల మీద వెంట్రుకలు కొలిమికి కాలిపోయి నున్నగా ఉండేవి. స్టోరులో నేను పరీక్షించిన బోల్టులు ఎప్పటివో అడుగుదామని ఒక పొద్దున ఆయన దగ్గరికి వెళ్లాను. పని ఇంకా మొదలు కాలేదు. మనుషులంతా పదును సర్దే కొలిమి చుట్టూ చేరి ఉన్నారు. కొలిమి పైన ఇటుకల మీద జొన్న రొట్టెలు వరసగా పేర్చి ఉన్నాయి.

“రాండ్రి సార్, తినుండ్రి. మా ఇంటామె చేసింది. ఎల్లిగడ్డ కారం గుడ ఉన్నది.”

చేతిలో పెట్టాడు. రొట్టె అంచు కరకరలాడుతోంది, లోపల మెత్తగా, పొగలు కక్కుతూ ఉంది. ఆ చలిలో అంత రుచిగా మరేదీ తిన్నట్టు గుర్తు లేదు. రెండో ముక్క తుంచుతూ అడిగాను.

“కొలిమి వెలిగించలేదు కదా లక్ష్మయ్యా, ఇంత వేడి ఎక్కడిది?”

“నిన్నటిదే సార్. సాయంత్రం మంట బందు చేసి తలుపు మూసి పోతం. లోపట సరుకుంటె వేడి ఇంక మంచిగ నిలుస్తది.”

“సరుకంటే?”

“బోల్టులే.”

“ఎండాకాలంలోనూ ఇంతేనా?”

లక్ష్మయ్య పకపకా నవ్వాడు. “ఎండకాలం గా వేడి ఎవడు భరిస్తడు సార్! మంట బందు కాంగనే తీసి నీళ్ల తొట్టిల ఏస్తం, బయటపడ్తం. తలుపు మూసేది చలికాలమే. గీ రొట్టెల కోసమే అనుకోరాదుండ్రి.”

నేను నమలడం ఆపాను. స్టోరులోని బోల్టులు వానలకు ముందు చేసినవని ఆయనే చెప్పాడు. ఖాజా మియా లారీకి బోల్టులు కొత్తగా చేసి మార్చింది ఆ చలికాలం మొదలయ్యాక.

క్రోమియం, మాంగనీసు కలిసిన ఉక్కును పదును సర్దిన తర్వాత ఒక మధ్యస్థమైన వేడి గుండా మెల్లమెల్లగా చల్లారనిస్తే, ఉక్కులో ఉండే కొన్ని మలినాలు దాని రేణువుల అంచుల్లోకి చేరి ఆ అంచులను బలహీనపరుస్తాయని చదువుకున్నాను. అప్పుడు గట్టిదనం మారదు. నిదానంగా వంచితే వంగుతుంది. చలిలో, హఠాత్తుగా దెబ్బ తగిలితే మాత్రం అంచుల వెంట విడిపోతుంది. నూనెలో ముంచడం గురించి మా కార్ఖానా నియమాల్లో ఉంది. పదును సర్దాక ఎలా చల్లార్చాలో ఎక్కడా లేదు. అది ఎవరికీ ఒక పనిగా తోచలేదు. పని అయిపోయాక జరిగేదే అనుకున్నారు.

ఇదంతా చదివింది మాత్రమే, చూసింది కాదు. అయినా నా మొహంలో ఏదో కనిపించింది లక్ష్మయ్యకు.

“ఏమైంది సార్?”

చెప్పాను, నాకు అర్థమైనంత వరకు. ఆయన చేతిలోని రొట్టెను తిరిగి గుడ్డలో పెట్టేశాడు. “అంటె నా రొట్టెల వల్లనా సార్, ఆ మనిషి కాలిరిగింది?”

“తెలియదు. తెలిస్తే మొదట నీకే చెబుతాను.”

“తెలువకుంటెనే మంచిగుండు,” అన్నాడు మెల్లగా.

దిమ్మె పడిన రోజు

ఖాజా మియా లారీకే ఉన్న, విరగని బోల్టులను విప్పించి ముక్కలు కోయించాను. విరిగినదానితో కలిపి ఆ లారీ కోసమే ఒకే కొలిమిలో, ఒకే రోజు వేసినవని లక్ష్మయ్య చెప్పాడు. మేనేజరు గారు వచ్చి కుర్చీ వేయించుకొని కూర్చున్నారు. పని ఆపి చాలామంది చుట్టూ చేరారు.

మొదటి ముక్క మంచులోంచి తీసి ప్రెస్సులో నిదానంగా వంచాను. వంగింది. మేనేజరు గారు నా వైపు చూసి మీసం దువ్వారు. రెండోది మరుగు నీళ్లలోంచి తీసి దిమ్మె వదిలాను. వంగింది. “ఇంకేందయ్య?” అన్నారు. మూడోది మంచులోంచి తీసి దిమ్మె వదిలాను.

ఠప్పుమంది. ఒక ముక్క ఎగిరి రేకుకు తగిలింది.

మేనేజరు గారే లేచి వెళ్లి ముక్కను తెచ్చారు. విరిగిన ముఖం పటికబెల్లం పలుకు విరిచినట్టు మెరుస్తోంది. వంగి చిరిగిన ఉక్కు ముఖం అలా ఉండదు, బూడిద రంగులో, పీచుపీచుగా ఉంటుంది. ఖాజా మియా బోల్టు ముఖం తీసి పక్కన పెట్టాను. రెండూ ఒక్కలాగే ఉన్నాయి.

“చలి వల్లనే అని రాస్తవా?” అన్నారు ఆయన. గొంతులో వెటకారం లేదు.

“ఇంకొకటి మిగిలింది సార్.”

అదే బోల్టులోంచి కోసిన చివరి ముక్కను లక్ష్మయ్యకిచ్చాను. ఆయన దాన్ని మళ్లీ పదును సర్దే వేడికి తెచ్చి, ఈసారి వెంటనే నీళ్ల తొట్టిలో వేశాడు. గట్టిదనం చూశాం. మారలేదు. మంచులో ఉంచాం. దిమ్మె వదలాల్సిన మోకు లక్ష్మయ్య తానే పట్టుకుంటానన్నాడు. వదిలాడు. ముక్క వంగింది.

ఆ చలిలోనే, ఆ వేగంతోనే, ఆ ఉక్కే. మారింది చల్లార్చిన తీరు ఒక్కటి.

నరసింహారెడ్డి గారు ఆ వంగిన ముక్కను చేతిలోకి తీసుకున్నారు. “అంటె తప్పు చలిది కాదు, దెబ్బది కాదు, నా ఉక్కుది కాదు. తలుపుది.”

“అన్నీ కలిస్తేనే సార్. తలుపు తీసి ఉన్నా, పొద్దు వెచ్చగా ఉన్నా, బరువు నిదానంగా పడినా ఆ బోల్టు వంగి ఊరుకునేది.”

లక్ష్మయ్య తల దించుకొని నిలబడ్డాడు. మేనేజరు గారు ఆయన వైపు చూసి, “నువ్వెందుకయ్య గట్ల నిలబడ్డవ్? తలుపు తెరవమని ఎవడన్న చెప్పిండా నీకు? నేను చెప్పిన్నా?” అన్నారు. అంతకు మించి ఆయన ఎవరికీ క్షమాపణ చెప్పగా నేను వినలేదు. ఇది మాత్రం విన్నాను.

నివేదికలో రాసినది, రాయనిది

ఇక్కడితో ఖాజా మియా గెలిచాడని మీరు అనుకోవచ్చు. కార్ఖానాలో అందరూ అదే అనుకున్నారు. నేను రాయడానికి కూర్చున్నప్పుడు ఒక చిక్కు వచ్చింది.

బోల్టు పెళుసుగా ఉందని రుజువైంది. కాని అది ఎప్పుడు విరిగింది? గుంతలో చక్రం పడి విరిగి, దానివల్ల ఇరుసు పక్కకు జరిగి, బండి గుట్టకు తగిలిందా? లేక బండి ఏ కారణం చేతనో గుట్టకు తగిలి, ఆ దెబ్బకు విరిగిందా? గుట్టకు తగలడం కూడా హఠాత్తు దెబ్బే, అదే చలిలో. విరిగిన ముఖం రెండు సందర్భాల్లోనూ ఒక్కలాగే ఉంటుంది. భూతద్దం ఆ వరస చెప్పదు.

చెప్పగలిగింది ఒకటే, ముక్క దొరికిన చోటు. బోల్టు ముందే విరిగి ఉంటే దాని కింది ముక్క మలుపుకు ముందు రోడ్డు మీద పడి ఉండాలి. తర్వాత విరిగితే గుట్ట దగ్గరే ఉండాలి. ముక్కలు నాకు అందింది ఒకే గోనెసంచిలో. రోడ్డుకు అడ్డంగా పడిన రాళ్లు తీసినవాళ్లు ఇనుమన్నది ఎక్కడ కనిపిస్తే అక్కడ ఏరి సంచిలో వేశారు. ఒక్కొక్కరినీ అడిగాను. ఎవరికీ గుర్తు లేదు. ఒకతను “గుట్ట కాడనే” అన్నాడు, మళ్లీ అడిగితే “రోడ్డు మీద గుడ అయ్యుండొచ్చు” అన్నాడు.

అలాగే రాశాను. బోల్టు లోపం రుజువైంది. ముందు విరిగిందని రుజువు కాలేదు. శబ్దం ముందు వచ్చిందని డ్రైవరు చెబుతున్నాడు.

ఖాజా మియా ఎవరి చేతనో చదివించుకొని వచ్చాడు. ఈసారి కుర్చీలో కూర్చున్నాడు.

“గంత పెద్ద దిమ్మె ఎత్తి ఏసిండ్రు సార్. ఠప్పుమన్నది ముందని రాయనీకి కలం లేవలేదా?”

“నేను వినలేదు ఖాజా మియా.”

“నేను విన్న గద!”

“నువ్వు విన్నావని రాశాను.”

“విన్నడని రాసుడు వేరు, అయిందని రాసుడు వేరు. నాకు గంత తెల్వదా సార్?”

తెలుసు. అందుకే రాసినదాన్ని అలాగే ఉంచాను.

తీర్పు మేనేజరు గారిది. ఆ రోజు ఆయన నా నివేదికను బల్ల మీద పెట్టి అన్న మాట గుర్తుంది. “బోల్టు మనది, తలుపు మనది, జల్ది పొమ్మన్నది మనం. తెలువని ముక్కకు శిక్షంత ఆ మనిషికి ఎట్లేస్తం?” ఖాజా మియాకు లారీ తిరిగి ఇచ్చారు. హమాలీ వైద్యం సంస్థే చూసుకుంది. ఆ చలికాలంలో చేసిన బోల్టులు ఏ బండికి ఉన్నాయో గుర్తులు లేవు కనుక, బండ్లన్నిటినీ వరసగా పిలిపించి బోల్టులు విప్పి మళ్లీ వేడి చేసి నీళ్లలో చల్లార్చారు. చెప్పడానికి ఒక వాక్యమే గాని, ఆ పనికి షెడ్డు మొత్తం అలసిపోయింది. అప్పటి నుంచి ప్రతి బోల్టు వంపు మీద నెల గుర్తు కొట్టడం, కొలిమిలో వేసిన ప్రతి విడతలో ఒకదాన్ని మంచులో పెట్టి దిమ్మె వేయడం నియమమయ్యాయి. నువ్వు చెప్పింది నిజమేనయ్యా అని ఆయన నాతో ఎప్పుడూ అనలేదు.

రొట్టెల కోసం కొలిమి పొగగొట్టం పక్కన ఒక ఇనుప రేకు అమర్చారు. మునుపటి రుచి రావడం లేదని లక్ష్మయ్య ఎప్పుడూ అనేవాడు. నేను రెండు రకాలూ తిన్నాను, నాకు పెద్ద తేడా తెలియలేదు. అయితే మొదటి రోజు నా ఆకలి ఎక్కువ. కనుక ఆ పోలికను నేనే ఒప్పుకోను.

ఇప్పటివాళ్లకు ఒక మాట

ఈనాటి బండ్లలో వాడే ఎక్కువ బలం గల ఉక్కులు మా బోల్టు ఉక్కు లాంటివి కావు. కొన్ని రకాలు వేగంగా లాగితే ఇంకా బాగా సాగుతాయని అంటారు. కొన్నిటిలో లాగే వేగానికి ఉక్కు తనే వేడెక్కి, ఫలితం తారుమారవుతుంది. అందుకే నా బోల్టు కథ తీసుకుపోయి ప్రతి ఉక్కుకూ అంటగట్టవద్దు. అడగాల్సింది మాత్రం మారలేదు. ఎవరైనా ఒక ఉక్కు బలం చెబితే, ఎంత వేడిలో, ఎంత వేగంతో చూశారో అడగండి. ఆ రెండూ చెప్పలేకపోతే, వాళ్లు చెప్పింది మధ్యాహ్నం భోజనం తర్వాతి బలమని అనుకోండి.

తాండూరు స్టేషను దగ్గర

ఎనభైల నడుమ నాకు వికారాబాదు నుంచి బదిలీ అయింది. వెళ్లేముందు తాండూరు ఒకసారి చూసి రావాలనిపించింది. పనేమీ లేదు. రైలు దిగి స్టేషను బయట చాయ్ కోసం నిలబడితే వెనక నుంచి ఎవరో భుజం మీద చెయ్యి వేశారు. గడ్డం నెరిసిన ఖాజా మియా. మెడకు మఫ్లరు అలాగే ఉంది. అవతల ఆయన లారీ, నిండా రాళ్లు.

“ఇంకా నడుపుతున్నావా?”

“నడపక ఏం చేస్త సార్? సుత్తె పట్టుకోలే గద, గదే మస్తు.” చాయ్‌లు చెప్పాడు, నన్ను జేబులో చెయ్యి పెట్టనివ్వలేదు. కొంతసేపు లక్ష్మయ్య గురించి, అప్పటికే పదవీ విరమణ చేసిన మేనేజరు గారి గురించి మాట్లాడుకున్నాం. తర్వాత సాసరు కింద పెట్టి, నవ్వుతూ అడిగాడు.

“ఇప్పటికన్న రాస్తరా సార్? ముందు బోల్టేనని?”

“కొత్త సాక్ష్యం ఏమైనా దొరికిందా?”

“నేనున్న గద సాక్ష్యం. గిన్నేండ్ల సంది ఒక్కటే మాట చెప్తున్న. ఇంక ఎంత సేపు నిలబెడ్తరు?”

“నువ్వు చెప్పింది నేను నమ్ముతున్నాను ఖాజా మియా.”

ఆయన నా మొహంలోకి చూశాడు. “గా మాట కాయితంల లేదు,” అన్నాడు. కోపంగా కాదు. బండి దగ్గరికి నడిచి, తలుపు తీసే ముందు వెనక చక్రాల దగ్గర వంగి, యూ బోల్టు వంపు మీద ఉన్న నెల గుర్తును బొటనవేలితో తుడిచి చూసుకున్నాడు. తర్వాత ఎక్కి వెళ్లిపోయాడు.

బోల్టు ముందా, గుట్ట ముందా అన్నది నాకు ఇప్పటికీ తెలియదు. ఎంత మంచు తెచ్చినా, ఎన్ని దిమ్మెలు వేసినా తేలేది కాదు అది. రోడ్డు మీద ఆ ముక్క ఎక్కడ పడి ఉందో ఒక్కరు చూసి ఉంటే తేలిపోయేది. రెండు ముక్కలూ ఒకే గోనెసంచిలో వచ్చాయి.